అన్నయ్య మెచ్చని రొట్టె

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో మేం మొదట అద్దెకున్న ఇంటి పక్కావిడ ఓవెన్‌లోంచి రొట్టె తీయగానే తిరగేసి, అడుగున వేలు మడిచి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. "కాలింది. కానీ మా అమ్మ చేతి రొట్టె కాదు," అనేది ప్రతిసారీ. వాళ్లది ఐరిష్ కుటుంబం. ఈస్టు లేకుండా వంటసోడా, మజ్జిగతో చేసే ఆ రొట్టె తిని పెరిగారు ఆవిడా, వాళ్ల అన్నయ్యా. ఏటా మార్చిలో ఆయన వచ్చి ఒక్క ముక్క తిని, "అమ్మ రుచికి దగ్గరికొచ్చావు," అని ప్లేటు పక్కకు జరిపేవాడు. వాళ్లమ్మ పోయాక, ఆవిడ కాక ఆ రుచి ఎరిగినవాడు ఇక ఆయనొక్కడే. ఎనభై దాటాడు, మళ్లీ రాగలడో లేదోనని ఆ ఏడు ఆవిడకు బెంగ పట్టుకుంది.

నేను లైబ్రరీ నుంచి వంటల పుస్తకాలు తెచ్చి వరసగా చదివేశాను. పాతకాలంలో ఇంట్లో చిలికిన పుల్ల మజ్జిగ పోసేవారట. షాపు మజ్జిగలో అంత పులుపు ఉండదు. మా ఇంట్లో పులుపుకు కొదవా? మూడు రోజులు బయటే ఉంచిన మజ్జిగ సీసాలో పట్టుకెళ్లాను.

ఆవిడ వాసన చూసి ముక్కు మూసుకుంది. "హనీ, ఇది పాడైపోయింది!"

"లేదండీ, ఇప్పుడే దారికొచ్చింది. పుస్తకంలో ఉంది."

"తినేది పుస్తకం కాదు, మా అన్నయ్య," అంటూనే పిండిలో పోసింది.

ఆదివారం వాళ్ల అన్నయ్య వచ్చాడు. వెన్న రాసుకుని ఒక ముక్క తిన్నాడు. తలెత్తకుండానే ఇంకో ముక్క అందుకున్నాడు.

"మాట్లాడవేం?" అంది ఆవిడ, చేతిలో టవల్ నలుపుతూ.

ఆయన నెమ్మదిగా నమిలి మింగాడు. "నోట్లో రొట్టె పెట్టుకుని మాట్లాడితే అమ్మ తిడుతుంది," అన్నాడు.