నిన్నటి పేరుపండుగ చూపిన సర్వర్

రాడోస్తినా పక్క బల్ల నాది. మా రూసే ఊళ్లో పూలకొట్ల వెబ్‌సైట్లన్నీ ఆమె చేతి మీదుగా లేచినవే. ఎవరికైనా తలనొప్పంటే తన టీ వాళ్ల ముందు పెట్టే మనిషి. మా ఆఫీసులోకి ఆసెన్ అనే కుర్రాడు వచ్చాకే ఆ మనసులో ముల్లు దిగింది.

పాత సర్వర్, ఎవరు పేజీ అడిగినా ప్రోగ్రామును కొత్తగా తెరిచి, పని కాగానే మూసేసేది. ఆసెన్ పెట్టిన కొత్తది ఒక్కసారి తెరిచి పట్టుకు కూర్చుంటుంది. అందుకే పేజీలు రెప్పపాటులో వస్తున్నాయి. పూలకొట్టు దోన్కా మురిసిపోయి వాడికి వేడివేడి చీజ్ పొరల రొట్టె, బానిత్స, పంపింది.

"ఇన్నేళ్లు చాకిరీ చేశాను, నాకో ముక్క పంపిందా?" అంది రాడోస్తినా. వాడు తెచ్చిచ్చిన ముక్క ముట్టనైనా లేదు.

సెయింట్ నికోలా పండుగ వచ్చింది. ఆ పేరున్నవాళ్లకది పేరుపండుగ; వాళ్ల ఇళ్లకు పిలవకున్నా పూలతో వెళ్తాం. దోన్కా పేజీ మాత్రం సావా పేరున్నవాళ్లకు పూలు పంపమంటోంది. అది నిన్నటి పండుగ!

"నికోలాలంతా నన్ను తిట్టుకుంటున్నారు! ఆ కుర్రాడి సర్వరేనా?" దోన్కా ఫోన్లో అరిచింది.

"చూసి చెప్తా దోన్కమ్మా." రాడోస్తినా ముఖం వెలిగిపోయింది. తన కంప్యూటర్లో తెరిస్తే నికోలా అనే వచ్చింది. "నా దగ్గర బాగానే ఉంది. తప్పు వాడిదే!"

అంతలో ప్రోగ్రాం ఫైలు మొదట్లో తను రాసిన వాక్యం కంటబడింది. ప్రోగ్రాం తెరిచేటప్పుడు మాత్రమే అది తేదీ అడుగుతుంది. మూయకపోతే ఆ తేదీ అక్కడే నిలిచిపోతుంది.

ఆసెన్‌కు ఫోన్ చేసింది. "ఒరేయ్, మరి ఇన్నాళ్లూ ఎలా నడిచిందిరా?"

"రోజూ పొద్దున్నే వచ్చి, తేదీ మారేలా సర్వర్ ఆపి మళ్లీ మొదలెట్టేవాణ్ణక్కా. ఇవాళ నాన్న పేరుపండుగ కదా, పండుగ చేప తోముతూ మర్చిపోయా."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే ఇంకా మూతి ముడుచుకుంటావని."

ఫోన్ పెట్టేసి, "మంచితనంలో కూడా నన్ను మించాలా వీడు!" అంటూ కళ్లు తుడుచుకుంది.

దోన్కా మళ్లీ చేసింది. "వాడిదేనా? అయితే రేపట్నుంచి నా పనికి వాడు వద్దు."

రాడోస్తినా అవునంటే చాలు. ఆ ఒక్క మాటతో వాడు పక్కకు పోతాడు, కొట్టు మళ్లీ తనదవుతుంది. దేవా, ఆ నోట నిజమే రానీ అని శిలువ గుర్తు వేసుకున్నాను.

"కాదు దోన్కమ్మా," అంది చివరికి. "ఆ వాక్యం నాది."

ఎవరు పేజీ అడిగినా అప్పటికప్పుడు తేదీ చూసుకునేలా మార్చింది. సాయంత్రం పూలు కొని, నన్నూ లాక్కుని ఆసెన్ ఇంటికి నడిచింది. వాళ్లమ్మ చేసిన చేపకూర ఒక ముద్ద తిని, "వంట కూడా మా ఇంటికంటే బాగుంది, చూశావా!" అని నా చెవిలో గొణిగింది. పళ్లెం మళ్లీ చాపింది.