కరెంటు పోయిందని చెప్పినప్పుడు

నిన్న మేం స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్ళో, రుఆబాంధా పేటలోని మా పరీక్షా కేంద్రంలో కరెంటు పోయింది. పక్క హాల్లో అప్పటిదాకా టపటపలాడుతున్న కీబోర్డుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో సత్యవతి దీదీ గుర్తొచ్చారు. గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇదే ఊళ్ళో సెక్టర్ 2లో ఆవిడ నడిపిన చిన్న కంప్యూటర్ కేంద్రంలోనే నా మొదటి ఉద్యోగం. అక్కడ రెండు సర్వర్లు ఉండేవి. ఒకటి కొత్త లినక్స్, ఇంకొకటి ఎవరో వదిలించుకున్న పాత యూనిక్స్. తెర మీద రెండూ ఒకేలా కనిపించేవి. "అక్కచెల్లెళ్ళే గానీ బుద్ధులు వేరే. ఏ మిషన్ ముందు కూకున్నా, ముందు నువ్వెవరివని అడుగు," అనేవారు దీదీ. అలా అడగడానికి ఒక చిన్న కమాండ్ ఉంది. అది కొట్టకుండా పని మొదలుపెడితే స్కేలుతో నా వేళ్ళ మీద తట్టేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం స్కాలర్‌షిప్ పరీక్ష జరుగుతుండగా, పాత మిషన్‌లో ప్రింటింగ్ ప్రోగ్రాం మొరాయించింది. దీదీ హడావుడిగా వచ్చి, నువ్వెవరివని మిషన్‌ని అడగకుండానే, 'కిల్ఆల్' అని కొట్టి ఆ ప్రోగ్రాం పేరు చేర్చారు. లినక్స్‌లో అయితే ఆ ఒక్కటే ఆగేది. ఆ పాత యూనిక్స్‌కి ఆ మాటకి అర్థం వేరు; పరీక్షతో సహా నడుస్తున్నవన్నీ ఆపేసింది. పిల్లలు రాసిన జవాబులన్నీ పోయాయి.

"సర్వర్ గదికి కరెంటు పోయిందని చెప్పేద్దాం దీదీ," అన్నాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నా తప్పు కరెంటోళ్ళ మీదకి ఎందుకే?" అని హాలు గుమ్మంలోకి వెళ్ళారు. "మేరీ గల్తీ హై, తప్పు నాదే. నేనే ఆపేసినాను. వచ్చే ఆదివారం మళ్ళీ పెడతాను," అన్నారు.

క్యాంప్ 1 బస్తీ నుంచి కూతుర్ని తీసుకొచ్చిన ఒకాయన, "ఇది రాకపోతే మా పిల్లకి కాలేజీ లేదమ్మా. మీకేటి తెలుస్తాది?" అన్నాడు. దీదీ అందరూ వెళ్ళేదాకా తల దించుకుని అక్కడే నిలబడ్డారు. నేను తలుపు వెనకాలే ఉండిపోయాను. ఆ పిల్లకి స్కాలర్‌షిప్ వచ్చిందో లేదో కనుక్కునే ధైర్యం కూడా లేకపోయింది.

మర్నాడు స్కేలు నా చేతిలో పెట్టి, "ఇకమీదట నా చెయ్యి నువ్వు చూడు. నేను అడగడం మర్చిపోతే తట్టు," అన్నారు. అదిప్పటికీ నా బల్ల మీదే ఉంటుంది.

నిన్న ఒక తల్లి నా గదిలోకి వచ్చి, "ఏటయింది దీదీ?" అని అడిగింది. కరెంటు పోయిందన్నాను. నిజమే చెప్పాను. అయినా ఆమె ముఖంలోకి చూడలేక, మాట్లాడినంతసేపూ ఆ స్కేలునే చూస్తూ కూర్చున్నాను.