గినీ పిగ్‌కు తలంటు

దిల్‌సుఖ్‌నగర్‌లో చేపలు, పక్షులు అమ్మే కొట్టు ముందు మా అమ్మాయి బైఠాయించి, ఏడ్చి సాధించుకున్న గినీ పిగ్ అది. గోధుమరంగు ఒంటి మీద తెల్ల మచ్చలు. తోక లేదు. మా అత్తగారు మాత్రం దాన్ని ఎలుక అనేది. "ఎలుకలు పోవాలెనని బోను పెట్టుకుంటరు గని, పైసలిచ్చి ఎలుకను తెచ్చుకుంటరా ఎవలన్న?" అని నన్ను నిలదీసింది, దాన్ని నేనే కన్నట్టు.

మాది బెజవాడ వైపు. పెళ్లయి ఎల్బీ నగర్ వచ్చిపడ్డాను. అత్తగారిది నల్గొండ దగ్గర పల్లె. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. సాయంత్రమైతే ఆవిడ చౌరస్తా దగ్గర ఉద్యమ శిబిరానికి పోయి, గొంతు బొంగురుపోయేదాకా నినాదాలిచ్చి వచ్చేది. నేనేమో రేపు బస్సులు తిరుగుతాయా లేదా అని టీవీ ముందు కూర్చునేదాన్ని. ఆ విషయంలో మా ఇద్దరికీ చుక్కెదురు. పొద్దున్నే టీ మాత్రం కలిసే తాగేవాళ్లం.

వానాకాలం వెళ్లేసరికి గినీ పిగ్ గోక్కోవడం మొదలుపెట్టింది. ముందు మెడ దగ్గర, తర్వాత వీపంతా. బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడి, కింద చర్మం పొట్టు లేచిపోయింది. మా అమ్మాయి స్కూలు భూతద్దం తీసుకుని చూశాను. వెంట్రుకల మొదళ్లలో సన్నగా, పాలిపోయిన పసుపురంగులో ఏవో పాకుతున్నాయి. అసహ్యం వేయాలి కదా! నాకు మాత్రం ఇంకా ఇంకా చూడబుద్ధేసింది. ఒక పురుగు వెంట్రుకను పట్టుకుని, నేను ఊదినా ఊడకుండా అలాగే ఉంది. స్టవ్ మీద పాలు పొంగిపోయినా లేవలేదు నేను.

అత్తగారు వచ్చి భూతద్దం లాక్కుని చూసింది. "పేన్లే! గింత దానికి గంత పరేషానా? ఇటియ్యి."

ఇక చూడండి ఆ వైభోగం. పసిపిల్లలకు చేసినట్టు ముందు నువ్వుల నూనె పట్టించింది. పేన్ల దువ్వెనతో దువ్వింది. కుంకుడుకాయ రసంతో తలంటింది. తల ఎక్కడైపోయిందో ఒళ్లెక్కడ మొదలైందో తెలియని జీవానికి తలంటేమిటి? నేను చెంబుతో నీళ్లు అందిస్తూనే ఉన్నాను, నవ్వు ఆపుకోలేక చస్తూనే ఉన్నాను. తుడిచాక సాంబ్రాణి పొగ కూడా వేసింది. దిష్టి చుక్క ఒక్కటే తక్కువ.

ఆ మధ్యాహ్నమే దానికి ఫిట్స్ వచ్చాయి. పక్కకు పడిపోయి, కాళ్లు కొట్టుకుని, కళ్లు తేలేసింది. మా అమ్మాయి కెవ్వున అరిచింది. కాసేపటికి గినీ పిగ్ తేరుకుంది కానీ, గిన్నె చప్పుడైనా వణికిపోవడం మొదలుపెట్టింది. మర్నాటికి మా అమ్మాయి చేతుల మీద ఎర్రటి దద్దుర్లు వచ్చాయి.

అది చూసి అత్తగారు తేల్చి చెప్పేసింది. "పోరి ఒంటికెక్కింది. ఇగ ఊకునేది లేదు. వచ్చే వారం ఆదివారం దాకా చూస్త. తగ్గకుంటే తుర్కయంజాల్ దాటినంక పొలాలల్ల ఇడిసిపెట్టి ఒస్త."

అక్కడ కుక్కలుంటాయి. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. మా అమ్మాయికి చెప్పలేదు గానీ అది చిన్నదే అయినా తెలివితక్కువది కాదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

గంపలో గుడ్డ పరిచి, గినీ పిగ్‌ను పెట్టుకుని పశువుల దవాఖానకు పోతే గేటుకు తాళం. ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. గేటు ఊపి ఊపి తిరిగొచ్చి ఇంట్లో చిందులు తొక్కుతుంటే అత్తగారు తాపీగా అంది: "గా పశువుల డాక్టరు సారు మా శిబిరంలనే కూసుంటడు. ముందుగాల చెప్పొద్దా?"

ఆ రోజు చౌరస్తాలో వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినడం అప్పటి నిరసన పద్ధతి. లారీలు ఎక్కడివక్కడే ఆగిపోయి ఉన్నాయి. రాళ్ల మీద పెద్ద గుండిగలో పప్పు ఉడుకుతోంది. "నువ్వు నోరు తెర్వకు, నేను మాట్లాడత" అని అత్తగారు ముందు నడిచింది. నా మాట వింటే మాది ఏ ఊరో అందరికీ తెలిసిపోతుందని ఆవిడ భయం. కానీ డాక్టరుగారు "సమ్మెల ఉన్నమమ్మా, దవాఖాన బంద్" అనగానే నాకు ఆగలేదు.

"దవాఖాన బందైతే దీని దురద బందవుతుందా అండీ?"

అందరూ నావైపు తిరిగారు. అత్తగారు నా చెయ్యి గిల్లింది. డాక్టరుగారు మాత్రం నవ్వి, గంప మీద గుడ్డ తీశారు. "దవాఖానల చూడనంటిని గని, రోడ్డు మీద చూడనంటినా? తేండ్రి." వాసన చూసి మొహం చిట్లించారు. "ఏందిది, సాంబ్రాణా? దీనికి పురుడు చేసిన్రా ఏంది?"

అత్తగారు ఆకాశంలోకి చూసింది.

పేలున్న మాట నిజమేనట, కానీ అవి పెద్ద బాధ కాదట. అసలు శత్రువు కంటికి కనపడదు. చర్మంలో సొరంగం తవ్వుకుని, అందులోనే గుడ్లు పెట్టే పురుగు. ఆ దురద ఎంత ఘోరమంటే దానికే ఫిట్స్ వచ్చేస్తాయట. తడిపినా, గట్టిగా పట్టుకున్నా, పెద్ద చప్పుడైనా మళ్లీ రావచ్చు. బలం లేని సమయంలో అలా వస్తే ప్రాణమే పోవచ్చు. మా అమ్మాయి దద్దుర్లూ ఈ పురుగువల్లే. కాకపోతే మనిషి ఒంటి మీద అది బతకలేదు గనక, జంతువుకు తగ్గితే పిల్లకూ తగ్గిపోతుందన్నారు. నేను ప్రశ్న మీద ప్రశ్న వేశాను. గుడ్లెప్పుడు పగులుతాయి? గాలి ఎలా పీలుస్తుంది? మా ఇంటికెలా వచ్చింది? బహుశా కొట్టు నుంచే వచ్చి, ఒంట్లో బలం తగ్గే దాకా దాక్కుని ఉంటుందన్నారు. మనిషిలాగే గినీ పిగ్ కూడా సి విటమిన్ సొంతంగా తయారుచేసుకోలేదట. ఉసిరికాయ, జామకాయ, కొత్తిమీర పెట్టమన్నారు. మనకూ దానికీ అంత చుట్టరికం ఉందని నాకేం తెలుసు?

మందు బరువును బట్టి ఇవ్వాలి, చుక్క ఎక్కువైతే ప్రమాదం. బరువెలా? వంటకు ఉల్లిగడ్డలు తూచిన తక్కెడ ఉంది కదా! ఒక పళ్లెంలో గినీ పిగ్, ఇంకో పళ్లెంలో తూకం రాళ్లు. చుట్టూ జనం ఊపిరి బిగబట్టి చూశారు. సగం షటర్ దించిన మందుల కొట్టు నుంచి మందు, సన్న సూది తెచ్చాను. "గీ సూది బతికున్న పురుగులకే. గుడ్లకేం గాదు. అవి పగిలి పిల్లలైనంక, వచ్చే వారం ఇంకో సూది పడాలె. పడకపోతే మళ్ల మొదటికొస్తది" అని డాక్టరుగారు సూది వేస్తూ గట్టిగా చెప్పారు.

ఇంటికొచ్చి గూట్లో గడ్డి పారేసి వేడినీళ్లతో కడిగాను. గోకుడు సగానికి తగ్గింది. ఫిట్స్ మళ్లీ రాలేదు. మా అమ్మాయి లెక్కగా కొత్తిమీర కాడలు తినిపిస్తోంది. రెండో సూది వేయించాల్సిన శనివారం నాడు పొద్దున్నే పోలీసులు శిబిరం పీకేసి, డాక్టరుగారితో సహా అందరినీ వ్యానెక్కించి ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు.

తెల్లారితే ఆదివారం. అత్తగారి మొహం చూశాను. ఆవిడ చెప్పులేసుకుని, గంప తానే ఎత్తుకుంది.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర కానిస్టేబుల్ గంపలోకి తొంగిచూసి, "ఇదేంటండీ, దీన్ని కూడా అరెస్టు చెయ్యాలా?" అన్నాడు. మా వైపు యాసే. ఈసారి నేను మాట్లాడాను. లోపలికి పంపాడు.

డాక్టరుగారు పెళ్లి కుర్చీలో కూర్చుని, మేం తెచ్చిన మందు సూదిలోకి లాగారు. అత్తగారు కింద చాప మీద కూర్చుని, గినీ పిగ్‌ను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ వదులుగా కప్పి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఇంకో వ్యాను వచ్చి ఆగింది. దిగుతూనే వాళ్లంతా పెద్దగా నినాదాలు అందుకున్నారు. హాలంతా మారుమోగిపోయింది. గినీ పిగ్ ఒళ్లు కొయ్యబారింది. డాక్టరుగారి చెయ్యి ఆగిపోయింది. అయిపోయింది అనుకున్నాను.

"అరే, ఆపుండ్రి!" అత్తగారి గొంతు అది. ఆ గొంతు తెలియనివాళ్లు అక్కడ లేరు. "జర నోర్లు మూస్కోండ్రి! ఈడ ఓ పాణం వణుకుతుంది, కనబడ్తలేదా?"

అంతమంది ఒక్కసారిగా ఆగిపోయారు. ఎత్తిన పిడికిళ్లు ఎత్తినట్టే ఉన్నాయి. చప్పుడన్నది లేదు. డాక్టరుగారు మెడ దగ్గర చర్మం పట్టి సూది వేశారు. దాని ఒళ్లు మెల్లగా వదులైంది.

అత్తగారు కొంగు రెండు మడతలు వేసి దాని మీద కప్పింది. రెండు చెవులనూ వేళ్లతో మెత్తగా మూసింది. తర్వాత తలెత్తి వాళ్లతో అంది:

"ఆఁ, ఇగ అనుండ్రి."