కరెంటు వేళల్లో సెవిల్లె

మొన్న పొద్దున్నే మా కింద వాటాలో ఉండే పిల్ల గబగబా మెట్లెక్కి వచ్చింది. దానికి కొత్తగా పెళ్ళయింది. మొగుడితో కలిసి పాత పగోడాలు చూడ్డానికి రెండు రోజులు బగాన్ వెళ్తోందట, చక్రాల సంచీ కావాలట. "రెండు రోజులకి నెల్లాళ్ళ నుంచీ సర్దుతున్నానని మా ఆయన ఒకటే నవ్వు పిన్నీ," అంది. నవ్వనీలే, మేం ఒక్క రోజు స్పెయిన్ వెళ్ళడానికి అంతకన్నా ఎక్కువే సర్దాం, అదీ నేను ఈ గది దాటకుండా, అన్నాను. అది సంచీ మాట మర్చిపోయి అక్కడే కూలబడి కథంతా విని, "ఇది రాసీ పిన్నీ, బాగుంటాది" అని పోయింది. నాకు రాయడం అలవాటు లేదు. ఈ రంగూన్‌లోనే బర్మా బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. తెలుగు అక్షరాలు గుడిలో ఆదివారం బడిలో నేర్చుకున్నవి. అయినా మొదలుపెట్టాను కదా, రాసేస్తాను.

మా ఇంటాయన ఓడల్లో పనిచేసేవాడు. ఇంజన్ రూములో నూనె పెట్టే ఆయిలర్. మా మావయ్య బోటాటౌంగ్ జెట్టీలో బియ్యం బస్తాలు మోసి ఓడల్లోకి ఎక్కించాడు గానీ ఏ ఓడా ఎక్కి వెళ్ళలేదు. కొడుకు మాత్రం లోకమంతా తిరిగాడని మా పేట పజుండౌంగ్‌లో అందరూ గొప్పగా చెప్పుకునేవారు. తిరిగింది ఓడ. ఈయన దాని కడుపులో ఉండేవాడు. రేవుకి చేరగానే పైనున్న వాళ్ళు చొక్కాలు మార్చుకుని ఊళ్ళోకి పోతారు. ఇంజన్ వాళ్ళకి అప్పుడే అసలు పని, ఓడ ఆగితేనే కదా ఇంజన్ విప్పడానికి వీలు. ఎవరైనా కొత్త కుర్రాడు ఊరు చూడాలని ముఖం పెడితే ఈయన తన వంతు కూడా వాడికి ఇచ్చేసేవాడు. అందుకని ఆయనకి ఏ దేశం గురించి అడిగినా రేవు గేటు రంగూ, అక్కడి చలీ, అక్కడి కాకులూ తప్ప ఏమీ తెలీదు.

నాతో కలిసి కూడా ఎక్కడికీ వెళ్ళలేదు. పెళ్ళయిన కొత్తలో చైత్తియో కొండ మీద బంగారు రాయి చూద్దామని బస్సు టిక్కెట్లు తెచ్చాడు. నేను బర్మా ఆడవాళ్ళ లుంగీ, కొత్త తమెయిన్ కట్టుకుని, పులిహోర మూట కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడే ఏజెంటు మనిషి వచ్చి, ఓడ సిద్ధంగా ఉంది, ఇప్పుడే బయల్దేరాలి అన్నాడు. టిక్కెట్లు మా అత్తా, ఆవిడ చెల్లెలూ వాడుకున్నారు. పులిహోర కూడా వాళ్ళే తిన్నారు. తర్వాత ఆయన సెలవుకి వచ్చినప్పుడల్లా ఇంటి పైకప్పు కారేది, లేదా ఎవరికో ఒకరికి ఒంట్లో బాగుండేది కాదు. అలా జుట్టు నెరిసింది.

ఒక ఏడు తింజాన్ నీళ్ళ పండగ దగ్గర పడుతుండగా, ఎండలు మండిపోతున్నప్పుడు ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఓడ స్పెయిన్ వెళ్తోందట, సెవిల్లె అనే పాత ఊరికి. "మన రంగూన్ నాగే, సముద్రం మీంచి ఏట్లోకి సాలా దూరం ఎల్లాలి. శని ఆదివారాలు అక్కడ సరుకు దించరంట. రెండింట్లో ఓ రోజు నీకు సెలవు, ఏది కావాలో సెప్పీ అన్నాడు మా ఇంజనీరు," అన్నాడు. అది ఆయన ఆఖరి ఓడ. దాని తర్వాత ఇంక ఇంటికి వచ్చెయ్యడమే.

"ఎల్తావు కదా?" అన్నాను.

"ఎల్లి ఏటి సూడాలి? పడుకుంటాను."

నాకు ఒళ్ళు మండింది. "మావా, ఈసారి నువ్వు పడుకుంటే నేనొప్పుకోను. నన్ను కూడా తీసుకెళ్ళు. వీడియో పెట్టి సేత్తో పట్టుకో, నీ పక్కనే నడుస్తాను," అన్నాను. "అలగైతే ఎల్దాం," అన్నాడు. ఎల్తాను అనలేదు, ఎల్దాం అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఆ సాయంత్రమంతా గదిలో అటూ ఇటూ తిరిగాను.

ఇంక మా ఇంట్లో హడావుడి చూడాలి. మా అమ్మాయి బట్టల దుకాణంలో పని చేస్తుంది. పని నుంచి రాగానే ఫోన్లో ఆ ఊరి బొమ్మలు తీసి చూపించేది. పెద్ద చర్చి, దాని పక్కన ఆకాశంలోకి పోయే గోపురం. ఆ గోపురం లోపల మెట్లు ఉండవట, వాలుగా పైకి పోయే దారేనట. వెనకటికి గుర్రాల మీదే పైకి వెళ్ళేవారట. ఆయన మోకాళ్ళకి సరిగ్గా సరిపోతుందని నేను గోపురం ఖాయం చేశాను. వీధుల్లో నారింజ చెట్లు, ఆ నెలలో పూతకొస్తాయట. "మేమే, వాసన మాత్రం ఫోన్లో రాదు, సోరీ," అంది మా అమ్మాయి. అమ్మని అది బర్మా వాళ్ళలాగే మేమే అంటుంది.

అన్నిటికన్నా పెద్ద పని కరెంటు. మా వీధికి కరెంటు వంతుల వారీగా వస్తుంది. అది పోతే వైఫై పోతుంది, కాసేపటికి ఫోన్ సిగ్నలు కూడా చచ్చిపోతుంది. ఆ శని ఆదివారాలు మాకు మధ్యాహ్నం వంతు పడింది, చీకటి పడే దాకా ఉంటుంది. ఇక్కడ మధ్యాహ్నమంటే అక్కడ పొద్దున్న. అంటే స్పెయిన్ దేశంలో ఆయన ఎప్పుడు ఎక్కడ ఉండాలో పజుండౌంగ్ కరెంటు చెబుతుందన్న మాట. పొద్దున్నే ఊరు, వెంటనే చర్చి, గోపురం, అన్నీ మా వంతులోనే అయిపోవాలి. శనివారం వెళ్దామని నేననుకున్నాను.

మా అత్త ఒప్పుకోలేదు. ఆవిడ బర్మా మనిషి. మా మావయ్యని చేసుకున్నాక తెలుగు నేర్చింది, అదీ జెట్టీ తెలుగు. బర్మా వాళ్ళకి ఎవరు ఏ వారం పుట్టారన్నది పేరుకన్నా ముఖ్యం. పగోడాకి వెళ్తే ఎవరి వారం మూల దగ్గర వాళ్ళే నీళ్ళు పొయ్యాలి.

"అమలే, అమ్మో! ఆడు శనివారం పుట్టినోడు. శనివారం కొత్త ఊరికి కాలెడతాడేటి? నా కంఠంలో పేణముండగా పడదు," అంది.

"ఫ్వాఫ్వా, అది స్పెయిన్. అక్కడ వారాలు పట్టించుకోరు," అంది మా అమ్మాయి నానమ్మతో.

"ఆలకి వారాలు నేవా? ఆలు మరి జీతాలెలగ తీసుకుంటారే?"

ఆదివారమే ఖాయమైంది. చర్చికి ఆదివారమే కదా మంచి రోజు అని నేనూ సమాధానపడ్డాను. ఏ వేళకి తెరుస్తారో చూద్దామన్న ఆలోచన ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. దేవుడి ఇల్లు తెల్లారకుండానే తెరుస్తారు, దానికి చూడ్డమేంటి?

ఆదివారం నేను తలంటుకుని, చెంపలకి తనకా చెక్క అరగదీసి రాసుకుని, అమ్మవారి జాతరకి కట్టుకునే పట్టుచీర కట్టుకున్నాను. పులిహోర కలిపాను. మా అత్త నన్ను పైనుంచి కిందకి చూసి, "ఓలమ్మీ, ఫోన్లోకెల్లడానికి ఆ సీరేటే? పిన్నులు గుచ్చుకుంటాయి జాగర్త," అంది. అంటూనే తను కూడా కొత్త రవిక వేసుకుని నా పక్కన చాప మీద సర్దుకుంది. ఫోన్ మోగగానే ముగ్గురం తలకాయలు గుద్దుకున్నాం.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఓడలో వేసుకునే బరువు బూట్లే కాళ్ళకి. సన్నటి సందులు, తెల్లటి గోడలు, కిటికీలకి ఇనప జాలీలు, గుర్రబ్బండ్లు. "అదిగో గుర్రం! ఆపు, ఆపు, గుర్రాన్ని సూపించు," అని నేను అరుస్తుంటే ఆయన ఆ జనంలో ఫోన్ పైకెత్తి గిరగిరా తిరిగాడు. ఒక చెట్టు కింద ఆగి తెల్లటి పువ్వు ఫోన్ దగ్గర పెట్టి, "పీల్సు," అన్నాడు. పిచ్చి మొహంలాగా నేను గట్టిగా పీల్చాను. మా ఇంట్లో పులిహోర పోపు వాసనే వచ్చింది.

చర్చి మెట్ల దగ్గరకి రాగానే మా అత్త ఫోన్ లాక్కుంది. "ఒరే, బూట్లు ఇప్పు ముందు! పగోడాలోకి బూట్లతో ఎల్తావా?" ఆయన అక్కడికక్కడే బూట్లూ మేజోళ్ళూ విప్పి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని తలుపు కాపలా మనిషి దగ్గరకి వెళ్ళాడు. ఆ మనిషి ఆయన కాళ్ళకేసి చూసి, ఏదో దయగా చెప్పి, గడియారం చూపించాడు. ఆదివారం పొద్దున్న ప్రార్థన చేసుకునేవాళ్ళకే, చూడ్డానికి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం దాటాక రావాలట. ఈయన తల గోక్కుంటూ బూట్ల దగ్గరకి తిరిగొస్తే ఒక బూటులో చిల్లర నాణేలు ఉన్నాయి. ఉత్త కాళ్ళతో నిలబడ్డవాడిని చూసి ఎవరో పుణ్యాత్మురాలు వేసి పోయింది. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంటే మా అత్త మాత్రం గంభీరంగా, "సూసినారా? శనివారం పుట్టినోడు ఆదివారం బయల్దేరితే ఇలగే కలిసొస్తాది," అంది. ఆయన ఆ నాణేలు అక్కడి హుండీలో వేసేశాడు.

నవ్వు ఆగాక నేను గోడ గడియారం చూశాను. అక్కడ మధ్యాహ్నం దాటడమంటే ఇక్కడ చీకటి పడడం, మా కరెంటు పోయే వేళ. అయినా ధైర్యం చేసి ఉన్నాం. ఆయన ఓడ వంటవాడు కట్టిచ్చిన అన్నం ఒక అరుగు మీద కూర్చుని తిన్నాడు, నేను ఇక్కడ పులిహోర తిన్నాను. పెళ్ళయ్యాక మేం ఇంటి బయట కలిసి తిన్నది అదే మొదలు. గోపురానికి టిక్కెట్ కొన్నాడు, వరసలో నిలబడ్డాడు. గేటు తెరిచారు. ఆయన ముందు కొద్దిమందే ఉన్నారు. "వచ్చీసింది, వచ్చీసింది," అంటున్నాడు. అంతే, ఫాను ఆగింది, బల్బు ఆరింది, ఫోన్లో ఆయన నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయాడు. దాచి ఉంచిన పవర్ బ్యాంకు తియ్యమన్నాను. దాన్ని పొద్దున కరెంటు లేనప్పుడే మా అత్త చిన్న ఫానుకి తగిలించి నిద్రపోయిందట. ఇంకేముంది, అంతసేపు వీడియో నడిచిన ఫోన్ కూడా ఛార్జి అయిపోయి ఆరిపోయింది.

చీకట్లో ముగ్గురం ఆ చాప మీదే కూర్చున్నాం. చెమటకి పట్టుచీర ఒంటికి అతుక్కుపోతోంది. "పోనీలే, ఆడైనా సూస్తన్నాడు కదా," అంది అత్త. నేనూ అదే అనుకున్నాను. ఈపాటికి సగం ఎక్కుంటాడు, ఇప్పుడు కిటికీలోంచి చూస్తుంటాడు, ఇప్పుడు పైకి చేరుంటాడు, ఏరు కనిపిస్తుంటుంది అని మనసులోనే ఆయన వెనకాల ఎక్కుతూ పోయాను. చూడనీ, ఇన్నేళ్ళకి ఒక ఊరు ఆయనదవనీ అనుకున్నాను. కళ్ళు మాత్రం తడిశాయి.

భోజనాల వేళ దాటబోతుండగా వీధి మొదట్నుంచి కేక లేచింది, "మీలాబీ!" కరెంటు వచ్చిందని రంగూన్‌లో వేసే కేక అది. ఆ మూల నుంచి ఈ మూల దాకా ప్రతి ఇంట్లోంచీ, "మీలాబీ! మీలాబీ!" నేను కూడా పిల్లలతో సమానంగా అరిచి ఫోన్ తీగ తగిలించాను.

మొదటి గంటకే ఎత్తాడు. నారింజ చెట్టు కింద బెంచీ మీద ఉన్నాడు, గోపురం ఆయన తల వెనక కనిపిస్తోంది.

"సెప్పు మావా, పైనుంచి ఏటేటి కనపడింది?"

"ఎక్కనేదు."

"ఎక్కలేదా? వరసలో ముందే ఉన్నావు కదా!"

"పక్కకొచ్చీసి కూకున్నాను. నీ కరెంటు వస్తాదని సూస్తన్నాను."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఉన్నది ఒక్క రోజు, అదీ బెంచీ మీద కూచున్నావా? ఎక్కొచ్చు కదా!"

"ఎల్దాం అనుకున్నాం కదే. నానొక్కడినే ఎక్కీసి ఏటి సూస్తాను," అన్నాడు. మా అత్త గోడ వైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. మా అమ్మాయి కరెంటు ఆఫీసుని బర్మాలో తిట్టడం మొదలుపెట్టింది.

గోపురం మూసే వేళ అయింది, ఓడకి చేరే వేళ కూడా అయింది. "నడుస్తావా?" అన్నాడు. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకున్నాడు, కెమెరా నా కళ్ళే అన్నట్టు బయటికి తిప్పి. ఏటి గట్టున రేవు దాకా పెద్ద దారి. బూట్ల చప్పుడు వినిపిస్తోంది, ఊపిరి వినిపిస్తోంది. నీళ్ళ మీద ఎండ, పడవలు, గట్టున కూర్చున్న జంటలు. నేను ఎప్పుడు లేచానో తెలీదు, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూనే ఉన్నాను. రేవు గేటు దగ్గర ఆయన ఆగితే నేనూ ఆగాను.

ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉంటాడు. సెవిల్లె ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, మా ఆవిడని అడగండి, ఇద్దరం కలిసే వెళ్ళాం అంటాడు. ఆ గోపురం కొన్ని వందల ఏళ్ళుగా అక్కడే ఉందట. దానికి తొందర లేదు. మాకు మాత్రం కాలం ఎప్పుడూ ఓడకీ ఓడకీ మధ్య ముక్కలుగానే దొరికింది. ఆ రోజు ఆయన ఊళ్ళో ఎండ కాస్తుంటే నా ఊళ్ళో చీకటి పడిపోయింది, అయినా మేమిద్దరం ఒకే వేళలో ఉన్నది అప్పుడే.