ఇరవై మూడు గళ్ళ కుంట

ఐదేళ్ళ నా పరిశోధనంతా మౌలాలి వైపున్న ఒక కుంట మీద. ఉపగ్రహం తీసిన బొమ్మలో అది సరిగ్గా ఇరవై మూడు నీలం గళ్ళు. వాటి మీద నేను రెండు వందల పేజీలు రాశాను. మహాసముద్రాలకైనా ఇంత మర్యాద జరిగి ఉండదు.

మా గైడు గారిది అనంతపురం వైపు. పెన్సిలు మొన తెరకు ఆనించి, గళ్ళు స్వయంగా లెక్కపెట్టి, పట్టికలోని అంకెతో కలిస్తేనే సంతకం. సోమవారం ఆయన ఏడాది పాటు విదేశం వెళ్ళిపోతున్నారు. ఆలోగా సంతకం పడకపోతే నాకు మరో ఏడాది హాస్టలు సాంబారే గతి.

తార్నాకలో డీటీపీ షాపు నడిపే అక్క నా సిద్ధాంత గ్రంథాన్ని పీడీఎఫ్ చేసి ఫ్లాపీలో ఇచ్చింది. ఆమె తెర మీద ఎంత పెద్దది చేసినా గళ్ళు పచ్చీసు పటంలా కళకళలాడాయి. బస్సెక్కి క్యాంపస్‌కు వెళ్ళి గైడు గారి కొత్త కంప్యూటరులో పెట్టాను. బొమ్మ పెద్దదయ్యేసరికి గళ్ళన్నీ ఒకదానిలోకొకటి కరిగిపోయాయి.

గైడు గారు కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నారు. "ఏమప్పా, కుంట యాడ? ఇది రాగిసంకటి మాదిరి ఉండాదే! దీంట్లో ఏం లెక్కబెట్టేది?"

తప్పు బస్సుదే అని తీర్మానించాను. తార్నాక నుంచి క్యాంపస్ దాకా ఆ కుదుపులకు నా పేగులే చోటు మారాయి, గళ్ళెంత? మర్నాడు అక్క చేత మళ్ళీ కాపీ చేయించి, ఫ్లాపీని జేబురుమాలులో చుట్టి, నిండు పాలగ్లాసులా రెండు చేతులతో పట్టుకుని నడిచి వెళ్ళాను. దారిలో ఇద్దరు నాకు దండం పెట్టారు. బొమ్మ మాత్రం సంకటిగానే ఉంది.

తిరిగొచ్చి సంగతి చెబితే అక్క కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "బస్సుల ఊగితే బొమ్మ మసకైతదా తమ్మీ? గిదేనా నువ్వు జేసిన పీహెచ్‌డీ?"

ఆమె దగ్గర రెండు కంప్యూటర్లుండేవి. ఒకే ఫ్లాపీని ముందు పాతదానిలో, తర్వాత కొత్తదానిలో తెరిచింది. పాతదానిలో గళ్ళు, కొత్తదానిలో సంకటి!

"సూడు. ఫ్లాపీ ఒక్కటే, బొమ్మ ఒక్కటే. సూపెట్టేటోడే వేరే. నీ బొమ్మల ఉన్నయే గన్ని చుక్కలు. పెద్దగ చెయ్యమంటే నడుమ ఖాళీలు నింపాలె గదా? పాత సాఫ్ట్‌వేర్ ఉన్న చుక్కనే మళ్ల మళ్ల పెడ్తది. కొత్తది జర హుషారు. రెండు చుక్కల నడుమ రంగులు కలిపి పూస్తది. పెండ్లి ఫోటోకైతే ముఖం నున్నగొస్తది. నీ కుంటకేం ఫాయిదా?"

రిమోట్ సెన్సింగులో గోల్డ్ మెడల్ ఉన్న నేను శుభలేఖల వాసన వేసే ఆ గదిలో బుద్ధిగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మరిప్పుడెట్లా అక్కా?"

"గా ఖాళీలు నింపే పని మనమే చేసేద్దాం. దానికి పూసే సందే ఇయ్యొద్దు."

బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రంగులు కలపకుండా పెంచే పద్ధతి ఎంచుకుని, ఒక్కో చుక్కను అడ్డంగా ఇరవై, నిలువుగా ఇరవై అదే రంగు చుక్కలుగా మార్చింది. అంటే నా ఒక్క గడి నాలుగు వందల చుక్కల సామ్రాజ్యమైంది. ఆ బొమ్మతో పీడీఎఫ్ మళ్ళీ చేసి కొత్తదానిలో తెరిచింది. గళ్ళు! అంచుల దగ్గర వెంట్రుకంత మసక మిగిలింది, అంతే. ఆనకట్టలు కట్టిన ఇంజనీర్లను చూశాను కానీ, ఒక కుంటను కూర్చున్న చోటి నుంచి కదలకుండా బతికించిన మనిషిని ఆమెనే చూశాను.

శుక్రవారం సాయంత్రం గైడు గారు పెన్సిలు తీశారు. ఎడమ నుంచి ఇరవై మూడు. నమ్మకం చాలక కుడి నుంచి కూడా ఇరవై మూడు. సంతకం పెట్టారు. పెన్ను మూత పెట్టకుండానే గొంతు తగ్గించి అడిగారు:

"ఇది నీ పని కాదు కదప్పా?"

"కాదు సార్. తార్నాకలో డీటీపీ అక్క చేసింది."

ఆయన సొరుగు లాగి, తన సెమినారు పత్రం తాలూకు ఫ్లాపీ తీసి స్కూటరు తాళాలు అందుకున్నారు. "దీంట్లోనూ బొమ్మలన్నీ సంకటే. పా, ఆయమ్మ షాపు మూయకముందే పోదాం."