నా బొటనవేలికి సరిపోయిన కర్ర

ఆవకాయ సీసా మూత తిప్పలేక వదిలేసిన రోజున నేను విమానం గురించి ఏడ్చాను.

అప్పటికే కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలై కొన్ని నెలలైంది. కీళ్ళవాతం అన్నారు డాక్టరుగారు. మందులు రాసిచ్చి, దేన్నీ గట్టిగా బిగించి పట్టుకోవద్దన్నారు. చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం, దానికి బొటనవేలితో పెద్దగా పనిలేదు. కానీ శనాదివారాల్లో మేం ముగ్గురం కలిసి, ఒక అద్దె వర్క్‌షాపులో, డబ్బాల్లో విడిభాగాలుగా తెప్పించిన ఒక చిన్న విమానం కడుతున్నాం. ముందొకరు, వెనకొకరు కూర్చునే బుల్లి విమానం. ముందు సీటు నాది.

ముగ్గురంటే నేను, మా ఆయన, పాసిర్ రిస్‌లో మా పై ఫ్లోర్‌లో ఉండే అంకుల్. అంకుల్ ఇక్కడే పుట్టి పెరిగిన తమిళాయన. విమానాల రిపేరు పని చేసి రిటైరయ్యారు, నడపడమూ వచ్చు. ఆయన ప్రోద్బలంతోనే నేను నీళ్ళకు అవతల, మలేషియా వైపు చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. మా ఆయన షిప్‌యార్డ్‌లో సూపర్‌వైజరు. ఇనుము ఆయన చెప్పినట్టు వింటుంది. గాల్లోకి లేవడమంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. విశాఖపట్నం వెళ్ళే విమానంలో కూడా కళ్ళు మూసుకుని, భోజనం ట్రాలీ వచ్చాకే తెరుస్తారు. అలాంటి మనిషి తాను ఎన్నడూ ఎక్కబోని విమానానికి రివెట్లు కొడుతూ శనివారాలన్నీ ధారపోశారు. ఎందుకండీ అంటే, "నువ్వు ఎక్కుతావుగా, ఊడిపోకూడదు కదా" అనేవారు.

విమానాన్ని అటూ ఇటూ వంచేది, పైకీ కిందికీ తిప్పేది పైలట్ మోకాళ్ళ మధ్య నిలబడే కంట్రోల్ స్టిక్. మా ఇంట్లో దాని పేరు కర్ర. డబ్బాలో సామానుతో పాటు వచ్చిన కర్ర సన్నటి గొట్టం, దానికో రబ్బరు తొడుగు. వర్క్‌షాపులో ఊరికే దాన్ని పట్టుకుని కూర్చుంటేనే కాసేపటికి బొటనవేలు భగ్గుమనేది. కర్ర పట్టలేనిదాన్ని విమానం ఏం నడుపుతాను? నేను కట్టిన విమానంలో నేనే వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూడాల్సిందేనా? ఆ ఆలోచనకే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంట ఇంట్లో గిన్నెల మీద చూపించేదాన్ని.

ఒక ఆదివారం నేను చపాతీ పిండి పిసుకుతుంటే మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. ముద్ద మీద అరచేతి అడుగుభాగంతో నొక్కుతున్నాను, బొటనవేలు ఊరికే పక్కన వాలి ఉంది.

"నొప్పి లేదా ఇప్పుడు?" అన్నారు.

"అరచేత్తో నొక్కితే ఉండదు. వేలు బిగిస్తేనే."

ఆయన ఒక ముద్ద తీసి నా చేతికిచ్చి, "కర్ర అనుకుని పట్టుకో, నీకు హాయిగా ఉన్నట్టు" అన్నారు. పట్టుకున్నాను. నా చేతి అచ్చు పడిన ఆ ముద్దని ఆయన ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లారి షిప్‌యార్డ్‌కి టిఫిన్ డబ్బాలో పట్టుకెళ్ళారు. ఆ డబ్బా తెరిచి చూసినవాళ్ళు ఏమనుకున్నారో ఇంతవరకూ చెప్పలేదు.

అక్కణ్ణించి మొదలైంది. చెక్కతో చెక్కిన మొదటి పిడి అచ్చంగా గరిటె కాడ. రెండోది బీరకాయంత లావు. "దీంతో పప్పు రుబ్బుకోవచ్చు" అన్నాను. మా ఆయన ఏమీ అనుకోకుండా మళ్ళీ అరగదీశారు. కొత్త పిడి తయారైన ప్రతిసారీ నేను దాన్ని పట్టుకుని సోఫాలో టీవీ చూడాలి, నొప్పి వస్తే చెప్పాలి. చివరికి గొట్టం మీద మెత్తటి ఎపాక్సీ ముద్ద మెత్తి, అది గట్టిపడేలోగా నా చేత్తోనే అచ్చు వేయించారు. బొటనవేలు చుట్టుకోకుండా పక్కన వాలడానికి ఒక పల్లం, బరువు ఆన్చడానికి అరచేతి కింద ఒక గట్టు. రేడియోలో మాట్లాడే బటను బొటనవేలి కింద ఉండేది, దాన్ని చూపుడువేలి దగ్గరికి మార్చారు. గొట్టాన్ని కూడా కోసి పొట్టి చేశారు. ఇప్పుడు ముంజేయి తొడ మీద ఆనుతుంది, చేతికి బరువే తెలియదు. పట్టుకుని కూర్చున్నాను. సినిమా మొత్తం అయిపోయింది, నొప్పి రాలేదు.

కర్ర ఒక బోల్టు తీస్తే ఊడి వస్తుంది. విమానాన్ని లారీ మీద అవతలి ఎయిర్‌ఫీల్డ్‌కి చేర్చాక, తొలి పరీక్షలన్నీ అంకుల్ తనకోసం విడిగా ఉంచిన పొడుగు కర్రతో ఎగిరి పూర్తిచేశారు. విమానం బాగుందన్నాక నా వంతు వచ్చింది. మా ఆయన నా కర్ర బిగించారు. నేను బూట్లు వేసుకుని ముందు ఎక్కాను, అంకుల్ వెనక ఎక్కారు. ఇంజను వేయకముందు కర్రని అన్ని వైపులా చివరిదాకా తిప్పి చూసుకోవాలి. కుడికి తిప్పాను. సగంలో నా తొడకి తగిలి ఆగిపోయింది. ఎడమకీ అంతే.

"ఫుల్ పోవాలి అమ్మా. పోకపోతే ఫ్లై చేయకూడదు లా," అన్నారు అంకుల్, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర ఒక 'లా' తగిలించి.

మళ్ళీ తిప్పాను. మళ్ళీ తగిలింది. వర్క్‌షాపులో అన్నిసార్లు తిప్పాం, ఒక్కసారీ తగల్లేదు. అక్కడికక్కడే లావెక్కిపోయానా? ఇంకా కోసి పొట్టి చేస్తే ముంజేయి ఆనదు, ఆనకపోతే మళ్ళీ బొటనవేలు. అంత దూరం వచ్చి, అంత శ్రమ పడి, చివరికి నేను వెనక సీటుకే అన్నమాట. కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయాను.

మా ఆయన నా కాళ్ళకేసి చూస్తున్నారు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నవ్వొస్తోందా మీకు?"

"బూట్లే! వర్క్‌షాపులో బూట్లెప్పుడు వేసుకున్నాం?"

నిజమే. సామాను వచ్చిన రోజున డబ్బాలకి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టాం. ఆ రోజు చెప్పులు గుమ్మం బయట విడిచాం. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ, లోపలికి చెప్పులతో అడుగు పెట్టడానికి ఎవరికీ కాలు రాలేదు. కొలతలన్నీ వట్టికాళ్ళతో తీసుకున్నాం. ఇప్పుడు మందపాటి బూట్ల అట్టల మీద నా మడమలు లేచాయి, వాటితో పాటు మోకాళ్ళూ తొడలూ లేచాయి.

"నేను కూడా షూస్ విప్పాను కదా. ఎన్నేళ్ళ సర్వీసు నాది, ఐయ్యో!" అని అంకుల్ తలపట్టుకున్నారు. నేను వట్టికాళ్ళతో ఎగురుతానంటే మాత్రం ఒప్పుకోలేదు.

మరుసటి వారం మా ఆయన పాసిర్ రిస్ దుకాణంలో బడిపిల్లలు వేసుకునే తెల్ల క్యాన్వాస్ బూట్లు కొనుక్కొచ్చారు. అట్ట అప్పడమంత పల్చన. ఎయిర్‌ఫీల్డ్‌లో బూట్లు మార్చుకుని ఎక్కి కర్ర తిప్పాను. కుడికి చివరిదాకా వెళ్ళింది, ఎడమకీ వెళ్ళింది. "ఓకే లా," అన్నారు వెనకనుంచి అంకుల్.

ఎగిరాం. కింద పామాయిల్ తోటలు, దూరంగా సముద్రం. ముంజేయి తొడ మీద ఆని ఉంది, కర్ర అరచేతిలో ఒదిగి ఉంది. దిగాక అంకుల్ బొటనవేలు ఎలా ఉందని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు బొటనవేలొకటి ఉందని.

మా ఆయన ఎండలో, మేం వదిలి వెళ్ళిన చోటే నిలబడి ఉన్నారు. నా పాత బూట్లు రెండూ చేత్తో పట్టుకునే ఉన్నారు. మేం గాల్లో ఉన్నంతసేపూ వాటిని కింద పెట్టలేదని తర్వాత అక్కడివాళ్ళు చెప్పారు. మా ఇళ్ళల్లో మొగుడూపెళ్ళాలు థాంక్స్ చెప్పుకోరు. ఇన్నేళ్ళ కాపురంలో నేనూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు మాత్రం ఆయన ఎదురుగా నిలబడి చెప్పాను.

"థాంక్సండీ."

ఆయన కంగారుపడి అటూ ఇటూ చూశారు. తర్వాత కిందికి వంగి, బూట్లు నా కాళ్ళ ముందు పెట్టారు.

"ముందు ఇవి వేసుకో. నేల కాలుతోంది."