ఆలోచించకుండా అన్న ఆమెన్

రోమా చక్రవర్తికి పన్ను కట్టాలా వద్దా అని ఉచ్చు పన్నిన ప్రశ్నకు చిక్కకుండా, నాణెం చూపించమని అడిగిన ప్రభువుకు స్తోత్రం. మాకు బుద్ధినిచ్చి, దాన్ని వాడటంలో మేము చేసే ఆలస్యాన్ని ఓర్చుకుంటున్న తండ్రికి మహిమ.

సీతాఫల్‌మండిలోని మా మందిరానికి ఒక అలవాటు ఉండేది. మైకు ముందు ఎవరు గొంతు పెంచి ఆగినా "ఆమెన్" అనేవాళ్లం. ఒకసారి మైకు పరీక్షించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు కూడా అన్నాం.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. ఎన్నికల ముందు ఒక ఆదివారం, మళ్లీ పోటీ చేస్తున్న మా కార్పొరేటర్ ఆరాధన ముగిసే వేళకు వచ్చాడు. రెండు నిమిషాలు మాట్లాడతానంటే పాస్టరుగారు మొహమాటపడి మైకు ఇచ్చారు.

మందిరం పక్క గల్లీలో ఒక నల్లా ఉండేది. మిగతా ఇళ్లకు సొంత కనెక్షన్లు ఉన్నా, ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన, మా సంఘపు పెద్దావిడ ఒకరికి ఆ నల్లానే దిక్కు. అది పోతే, అరిగిన మోకాళ్లతో బిందె మోస్తూ మెయిన్ రోడ్డు దాటాలి.

"అమ్మలారా, అయ్యలారా! మీకు సిమెంటు రోడ్డు కావాల్నా, ఆ పాత నల్లా కావాల్నా?" అని గొంతు పెంచి ఆగాడు కార్పొరేటర్.

"ఆమెన్!" అన్నాం. ఏది కావాలన్నామో మాకే తెలియదు.

"పిల్లల భవిష్యత్తు కావాల్నా, బిందెల కొట్లాట కావాల్నా? నల్లా తియ్యొద్దన్నోళ్లు అభివృద్ధికి దుష్మన్లు!"

"ఆమెన్!" ఈసారి అందరికన్నా గట్టిగా అన్నది నేనే. సండే స్కూలు టీచర్‌ని కదా, పిల్లలకు మాదిరిగా ఉండాలని.

"సంఘమంతా ఒప్పుకున్నది. రేపే నల్లా తీపిస్తా."

పెద్దావిడ కుర్చీ పట్టుకుని లేచింది. "ఏందీ సారూ, నేనెప్పుడు ఒప్పుకున్న? నల్లా గోడకున్నది, రోడ్డు నడిమిట్ల పడ్తది. రెండిటికీ పంచాది ఏందీ?"

"రోడ్డు వద్దా నీకు?"

"రోడ్డు సుత కావాలె, నీళ్లు సుత కావాలె. అన్నం తింటవా, చాయ్ తాగుతవా అంటే, అన్నం తినే చాయ్ తాగుతా. ఒక్కటే దొరుకుతదని ఎవలు చెప్పిండ్రు?"

మందిరమంతా నవ్వింది. ఆమె నా వైపు తిరిగింది. "టీచరమ్మా, నాణెం పాఠం పోయిన వారం నువ్వే చెప్పినవ్ గదా! ప్రభువు అవుననలే, కాదనలే, నాణెం చూపియ్యమన్నడు. నువ్వేంది, ఏం అడగకుండనే ఆమెన్ అంటివి?"

నేను లేచి, "సార్, రోడ్డు ప్లాను చూపిస్తారా?" అన్నాను. ఆయన వెనకున్న కార్యకర్త, పాపం, అడగగానే ఫైలు తెరిచి ఇచ్చేశాడు. ప్లానులో రోడ్డు ఉంది. నల్లా గుర్తు కూడా ఉన్నచోటే ఉంది. గల్లీలో ఆ నల్లా వెనకే లేస్తున్న కొత్త షాపు ఎవరి బావమరిదిదో చెప్పనక్కర లేకపోయింది.

"అది పాత ప్లాను!" అన్నాడు కార్పొరేటర్, గొంతు పెంచి. ఆగాడు.

మందిరంలో ఫ్యాన్ల చప్పుడు మాత్రమే వినిపించింది.

"కొత్తది తీస్కరా బిడ్డా, చూసినంక అంటం ఆమెన్" అంది పెద్దావిడ, కూర్చుంటూ.

పోలింగుకు ముందే రోడ్డు పడింది, నల్లా పక్క నుంచే. ఆమె బిందె కూడా అక్కడే నిండింది.

చదువుతున్న మీరూ నాతో ఒక్క క్షణం తల వంచండి. తండ్రీ, రెండే దారులున్నాయని చెప్పేవాళ్లను మూడోది అడిగే ధైర్యం మాకివ్వు. మా నోటికన్నా ముందు మా చెవులు తెరువు. అందరికన్నా గట్టిగా అరిచిన నన్ను క్షమించు. ఇక ఆమెన్ అనండి, అనాలనిపిస్తేనే.